ఈ బొమ్మ ఎవరిది?



ఆమధ్య ఒక ఆదివారం దివ్యపూజ ముగించుకుని, పిల్లల జ్ఞానోపదేశం తరగతికి బయలుదేరుతున్నాను. మా సాలూరు విచారణకు చెందిన ఒక తల్లి తన కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. అమ్మాయి డిగ్రీ చదువుతోంది. తల్లి ముఖంలో కోపం, కూతురి ముఖంలో పట్టుదల. సంగతేమిటంటే, పట్టణంలో ఒక బట్టల దుకాణం వారు పండుగకు కొత్త చీరలు తెప్పించారు. అవి కట్టుకుని ఫొటోలు దిగమని ఈ అమ్మాయిని అడిగారు. ఆ ఫొటోలు దుకాణం ముందు ఫ్లెక్సీ మీదా, నలుగురి ఫోన్లలోనూ కనబడతాయి. కొంత డబ్బు కూడా ఇస్తామన్నారు.

“మీరైనా సెప్పండి ఫాదరుగారూ! దారినపోయినోలందరూ సూసే బొమ్మైపోతాదంట. మా ఇంటా వంటా నేదు” అంది తల్లి.

“నేనేం తప్పు చేస్తున్నాను ఫాదర్? చీరే కదా కట్టుకునేది. అందంగా కనబడడం పాపమా?” అంది కూతురు.

“వచ్చే ఆదివారం మాట్లాడుకుందాం. ఈలోగా ఇద్దరూ పోట్లాడుకోకండి” అని పంపించేశాను. పిల్లలు ఎదురుచూస్తున్నారన్నది సాకు మాత్రమే. నిజానికి నా దగ్గర జవాబు లేదు. గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో సత్యం, మంచితనం, సౌందర్యం ఒకే మూలం నుండి వస్తాయని పరీక్షల్లో పేజీలకు పేజీలు రాశాను. ఒక చీర ఫొటో దగ్గర ఆ చదువు ఏపాటి పనికి వస్తుందా అని వారమంతా ఆలోచించాను. ఆ ఆలోచననే మీ ముందు పెడుతున్నాను. ఎందుకంటే, ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో రాని ఇల్లు ఈ రోజుల్లో మన విచారణల్లో తక్కువ.

మంచి బట్టలు వేసుకుని ఫొటో దిగడం మనకు కొత్త కాదు. నా చిన్నతనంలో ఫొటో స్టూడియోలో ఒక కోటు, ఒక టై, పౌడరు డబ్బా, దువ్వెన ఉండేవి. వెనుక తెర మీద తోటో, తాజ్‌మహలో చిత్రించి ఉండేది. ఊరందరికీ ఆ ఒక్క కోటే. కొందరికి చేతులు పొడుగు, కొందరికి భుజాలు బిగువు. అయినా అది తొడుక్కుని, ఊపిరి బిగబట్టి కూర్చునేవారు. ఆ ఫొటో ఇంటికి తెచ్చి గోడకు తగిలిస్తే, చూసినవారు “ఫలానా వారి అబ్బాయి” అని గుర్తుపట్టేవారు గాని, “ఈ కోటు ఖరీదెంత?” అని అడిగినవారు లేరు. కోటు అరువుదే. ముఖం మాత్రం మనది.

ఈ ముచ్చట గొప్పింటి వారికీ ఉండేది. హైదరాబాదులో ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫొటోగ్రాఫరుగా పేరుపొందిన రాజా దీన్ దయాళ్ 1892లో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. దానిని నడిపే బాధ్యత ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. పట్టుబట్టలు, నగలు ధరించి అక్కడ ఫొటో దిగినా, ఆ ఫొటో ఆ స్త్రీ కోసం, ఆమె కుటుంబం కోసం. అలంకారం ఎంత ఉన్నా, ఆ బొమ్మ ఎవరిదంటే ఆ మనిషిదే.

తరువాత 1911లో పారిస్ నగరంలో ఒక కొత్త పని జరిగింది. పాల్ పోయిరే అనే దర్జీ కుట్టిన ఖరీదైన గౌన్లను ఎడ్వర్డ్ స్టైకెన్ అనే ఫొటోగ్రాఫరు కొందరు స్త్రీలకు తొడిగించి, ఒక కళల పత్రిక కోసం ఫొటోలు తీశారు. ఆధునిక ఫ్యాషన్ ఫొటోలకు అవే తొలి అడుగులని చాలామంది చెబుతారు. అంతకుముందు పత్రికల్లో బట్టల నమూనాలు ఎక్కువగా చేతి బొమ్మలుగా వచ్చేవి. 1932 జూలైలో ‘వోగ్’ పత్రిక ముఖచిత్రంగా తొలిసారి రంగుల ఫొటో వేసినప్పుడు, దానిని తీసినదీ ఈ స్టైకెనే. ఆ తరువాత ఆ ఒరవడి పత్రికల నుండి క్యాలెండర్లకు, సినిమా పోస్టర్లకు, చీరల పెట్టెల మీది బొమ్మలకు పాకింది. సినిమాలో కథానాయిక కట్టిన చీర ఆ సినిమా పేరుతోనే దుకాణాల్లో అమ్ముడుపోవడం మన తల్లులకు తెలిసిందే. మా సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరు. ఆ లారీల వెనుక తలుపుల మీద కూడా దేవుళ్ళ పక్కనే సినిమా తారల ముఖాలు చూస్తుంటాం. ఇప్పుడు ఆ పోస్టరు మన పిల్లల అరచేతిలోని ఫోన్‌లోకి వచ్చింది.

స్టూడియో ఫొటోకూ ఈ ఫొటోకూ తేడా ఏమిటి? స్టూడియోలో బట్ట మనిషి ముఖానికి సేవ చేసింది. ఫ్యాషన్ ఫొటోలో మనిషి ముఖం బట్టకు సేవ చేస్తుంది. మన ప్రశ్న అంతా ఈ తేడాలోనే ఉంది.

అయితే తొందరపడి తీర్పు చెప్పకూడదు. అలంకారాన్నే పాపమని మన తల్లి తిరుసభ ఎన్నడూ బోధించలేదు. పునీత తోమా అక్వినాసు తన మహాగ్రంథంలో వస్త్రధారణ గురించి ప్రత్యేకంగా చర్చించారు. బట్టల్లోనూ నగల్లోనూ దోషం లేదు, వాటిని వాడే మనిషి మనసు అదుపు తప్పినప్పుడే దోషం వస్తుందని ఆయన వివరించారు. తాను నివసించే చోటి ఆచారానికి తగినట్టు, తన స్థితికి తగినట్టు అలంకరించుకోవడం తప్పు కాదన్నారు. అంతే కాదు, డంబం కోసం బట్టలను నిర్లక్ష్యం చేయడం కూడా దోషమే అన్నారు. చిరిగిన బట్టలతో తిరుగుతూ “నేనెంత వినయవంతుడినో చూడండి” అనేవాడు కూడా ఫ్యాషనే చేస్తున్నాడన్నమాట!

మంచి ఫొటో మంచి పని కూడా చేయగలదు. మన శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు సంగతి తీసుకోండి. వాలుగ చేప దవడ పళ్ళతో పత్తిని శుభ్రం చేసి, సన్నని నూలు వడికి నేసే బట్ట అది. ఆ బట్ట అందాన్ని దూరదేశాల వారికి చూపించే ఫొటో వల్ల ఒక మగ్గం ఆగిపోకుండా ఆడితే, ఆ ఫొటోను మనం దీవించాలి గాని దూషించకూడదు.

మరి తప్పు ఎక్కడ మొదలవుతుంది? ఆ పని ఎలా జరుగుతుందో కొంచెం చూడండి. బట్ట ఒంటికి అతికినట్టు కనబడాలని వెనుకవైపు క్లిప్పులు పెట్టి బిగిస్తారు. దీపాలు అమర్చుతారు. తరువాత కంప్యూటరు మీద ముఖంలోని మచ్చలు తుడుస్తారు, నడుము సన్నం చేస్తారు, చర్మాన్ని తెల్లబరుస్తారు. ఆ ఫొటో చూసి మన ఆడపిల్ల అద్దం ముందు నిలబడి బాధపడుతుంది. ఎవరితో పోల్చుకుని? అలాంటి మనిషి లోకంలోనే లేదు. ఫొటోలో ఉన్న అమ్మాయి కూడా ఇంటికి వెళ్ళి అద్దం చూసుకుంటే అలా ఉండదు. తెల్లని ముఖమే ముఖమని మన దేశంలో ఎంతకాలం నూరిపోశారో గుర్తుచేసుకోండి. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము తన పేరులోంచి ‘ఫెయిర్’ అన్న మాట తీసేయడానికి 2020 వరకు పట్టింది. పెళ్ళిచూపుల్లో “పిల్ల రంగేమిటి?” అని అడగడం మన కతోలిక కుటుంబాల్లో ఆగిందా? మీరే చెప్పండి.

ఈ దారిలో ఎంత దూరం పోవచ్చో 2008 ఆగస్టులో ‘వోగ్’ పత్రిక భారతదేశపు సంచిక చూపించింది. అందులో కొన్ని పేజీల నిండా మన దేశపు పేదల ఫొటోలు వేశారు. పై పళ్ళు ఊడిపోయిన ఒక ముసలమ్మ చేతిలో పసిబిడ్డ. ఆ బిడ్డ మెడకు కట్టిన గుడ్డ ఫెండీ కంపెనీది, ధర సుమారు 100 డాలర్లు. కాళ్ళకు చెప్పులు లేని ఒక మనిషి చేతిలో 200 డాలర్ల బర్బెరీ గొడుగు. ఒకే మోటారు సైకిలు మీద ముగ్గురున్న కుటుంబం. ఆ ఇల్లాలి చేతికి 10,000 డాలర్లకు పైగా పలికే ఎర్మెస్ బ్యాగు. రోజుకు డాలరుంబావు కూడా లేకుండా బతికేవారు కోట్లలో ఉన్న కాలమది. వస్తువుల కంపెనీల పేర్లు పత్రికలో ఉన్నాయి. మనుషుల పేర్లు లేవు. “స్త్రీ”, “పురుషుడు” అని ఊరుకున్నారని కనికా గహ్లౌత్ అనే పత్రికా రచయిత్రి అప్పుడే తప్పుపట్టారు.

ఆ పత్రిక సంపాదకురాలి జవాబు కూడా వినడం న్యాయం. దీన్ని అంత బరువుగా తీసుకోవద్దని, ఫ్యాషన్ ఇక ధనికుల సొత్తు కాదని, ఎవరు ధరించినా అందంగానే ఉంటుందని చెప్పడమే తమ ఉద్దేశమని ఆమె అన్నారు. ఈ మాటలో కొంత నిజముంది. పేదవాడు అందమైన వస్తువు పట్టుకోకూడదని ఎవరన్నారు? కాని ఆ ఫొటోలు ఎందుకు ఆకట్టుకుంటాయో ఆలోచించండి. ముసలమ్మకు పళ్ళుండి, ఆ మనిషి కాళ్ళకు చెప్పులుండి ఉంటే ఆ ఫొటోలో విశేషమేమీ లేదు. అక్కడ గొడుగుతో పాటు అతని లేమిని కూడా అందానికి వాడుకున్నారు. ఫొటో తీయడం అయ్యాక గొడుగు మళ్ళీ పెట్టెలోకి వెళుతుంది. చెప్పులు లేని కాళ్ళు అలాగే ఉంటాయి.

మనిషిని ఎన్నడూ కేవలం సాధనంగా వాడుకోకూడదు, మనిషి తనంతట తానే ఒక లక్ష్యం అని జర్మను తత్వవేత్త కాంట్ బోధించాడు. ఇందులో ‘కేవలం’ అన్న మాటే ముఖ్యం. దర్జీ మనకు సాధనమే, డ్రైవరూ సాధనమే, ఈ విచారణలో నేనూ మీకు సాధనమే. అందులో అవమానం లేదు. పని తీరాక కూడా ఆ మనిషి మనకు మనిషిగా మిగలాలి. రెండవ జాన్ పాల్ జగద్గురువులు 1981 ఏప్రిల్, మే నెలల్లో తమ బుధవారపు ప్రసంగాల్లో ఈ విషయాన్నే తీసుకున్నారు. కళాకారుడు మనిషి దేహాన్ని గౌరవంతో చిత్రించగలడని ఒప్పుకుంటూనే, ఫొటోలోనూ సినిమాలోనూ ఆ దేహం తన మనిషి నుండి విడిపోయి, పేరులేని వస్తువుగా ఎవరి చూపులకో దొరికిపోయే ప్రమాదం ఉందని హెచ్చరించారు. పేరులేని వస్తువు! పారిస్‌లోనైనా, సాలూరులోనైనా జాగ్రత్తపడవలసింది ఇక్కడే.

క్రీస్తు ప్రభువును పన్ను విషయంలో ఇరికించాలని వచ్చినవారి కథ మీకు తెలుసు. ప్రభువు నాణెం తెప్పించి, దాని మీది రూపం ఎవరిదని అడిగారు. సీజరుదన్నారు. అయితే సీజరుది సీజరుకు ఇవ్వమన్నారు. నాణెం మీద సీజరు బొమ్మ ఉంది కనుక అది సీజరుది. మరి మనిషి మీద ఎవరి బొమ్మ ఉంది? దేవుడు తన పోలికలో నరుని చేశాడని మన విశ్వాసం. కాబట్టి ఏ మనిషి ముఖాన్నీ ఒక సరుకు మీద ముద్రగా మాత్రమే కొట్టి వదిలేసే హక్కు ఏ దుకాణానికీ లేదు, ఏ ప్రభుత్వానికీ లేదు.

ఇవన్నీ ఎక్కడో పెద్ద నగరాల సంగతులు అనుకోవద్దు. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీలు మన హైదరాబాదులోనే జరిగాయి. పోటీదారులను ములుగు జిల్లా రామప్ప ఆలయానికి తీసుకువెళ్ళినప్పుడు, వారి కాళ్ళ మీద స్థానిక స్త్రీలు నీళ్ళు పోసిన దృశ్యాలు, తుడిచిన దృశ్యాలు బయటకు వచ్చి పెద్ద విమర్శలకు దారితీశాయి. అతిథి మర్యాద అని సమర్థించినవారూ ఉన్నారు. కాళ్ళు కడగడంలో నీచమేమీ లేదు. పవిత్ర గురువారం నాడు నేనూ కడుగుతాను. కాని అక్కడ గురువు శిష్యుల కాళ్ళు కడిగాడు. ఇక్కడ ఎవరు ఎవరికి కడిగారు, ఎవరి భుజాన దేశం పేరున్న పట్టీ ఉంది, ఎవరి పేరు ఎవరికీ తెలియదు అన్నది చూడాలి. ఇంకా దగ్గరకు రండి. మన పక్కనున్న అరకు లోయకు వెళ్ళే పర్యాటకులు థింసా నాట్యం చేసే గిరిజన స్త్రీల వేషం అద్దెకు కట్టుకుని, ఫొటోలు దిగి వస్తుంటారు. సరదాయే, కాదనను. కాని ఆ చీర నిజంగా కట్టుకునే తల్లి కొండ మీద ఏ ఊరిదో, ఆమె పేరేమిటో అడిగి వచ్చినవారు ఎందరు?

ఇలా అందరినీ అడుగుతున్నాను కదా, నన్ను నేనే అడుగుకోవలసిన సంగతి ఒకటుంది. దాన్ని దాచి ఈ వ్యాసం ముగిస్తే మీకు అబద్ధం చెప్పినట్టే.

నేను గురువునైన కొత్తలో ఒక హాస్టలు చూసుకునేవాడిని. కొండ ఊళ్ళ పిల్లలు అక్కడ చదువుకునేవారు. విదేశాల్లోని దాతలకు పిల్లల ఫొటోలు పంపవలసి వచ్చింది. ఫొటో తీస్తామని చెప్పగానే ఒక కుర్రవాడు స్నానం చేసి, తలకు నూనె రాసుకుని, తెల్లచొక్కా వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు. నేను వాడిని చూసి, “ఇది కాదురా, రోజూ వేసుకునే పాత చొక్కా వేసుకుని రా” అన్నాను. వాడు మాట్లాడకుండా వెళ్ళి, భుజం దగ్గర చిరిగిన చొక్కాతో వచ్చాడు. ఫొటో బాగా వచ్చింది. డబ్బు కూడా వచ్చింది. ఆ డబ్బుతో పిల్లలకు దుప్పట్లు కొన్నాం.

చాలాకాలం నేను చేసింది మంచి పనే అనుకున్నాను. చిరిగిన చొక్కా కూడా వాడిదే కదా, నేను అబద్ధమాడలేదు కదా అని సమాధానం చెప్పుకున్నాను. కాని తన గురించి ఏ నిజం చూపించుకోవాలో ఎంచుకునే హక్కు వాడిది. వాడు ఎంచుకున్నాడు. నేను మార్చాను. వోగ్ పత్రిక వారు పేదవాని చేతికి గొడుగు ఇచ్చి ఫొటో తీశారు. నేను పేదవాని ఒంటి మీది మంచి చొక్కా విప్పించి ఫొటో తీశాను. ఇద్దరమూ చూసేవారి కోసం వాడికి వేషం కట్టించాం. నా దుప్పట్లు ఆ తప్పును చిన్నది చేయవచ్చు గాని, ఒప్పు చేయలేవు.

ఆ కుర్రవాడు ఇప్పుడు లారీ డ్రైవరు. లారీ ముందు అద్దం పైన తన కూతురి పేరు రాయించుకున్నాడు. రెండేళ్ళ క్రితం కనబడినప్పుడు ఆ సంగతి ఎత్తి, క్షమించమని అడిగాను. వాడు సిగ్గుపడి నవ్వేశాడు. “అదేటి ఫాదర్, అప్పుడెప్పుడో సంగతి” అన్నాడు. కాసేపాగి, “ఆ తెల్లసొక్కా మా యమ్మ సంతలో కొన్నాది ఫాదర్. ఫొటోలో సూస్తాదనుకున్నాను” అన్నాడు. నా దగ్గర మాట లేదు.

తరువాతి ఆదివారం ఆ తల్లీకూతుళ్ళు వచ్చారు. అవుననీ కాదనీ చెప్పకుండా మూడు ప్రశ్నలు వాళ్ళ ముందు పెట్టాను. మొదటిది: వద్దు అనాలనిపించినప్పుడు వద్దు అనగలవా, లేక డబ్బు కోసమో మొహమాటం కోసమో లోబడిపోతావా? రెండవది: ఆ ఫొటో చూసినవారు నిన్ను ఒక మనిషిగా చూస్తారా, లేక నీ ఒంటిని మాత్రమే చూసేలా తీస్తారా? మూడవది: ఆ ఫొటో నీ గురించి నిజం చెబుతుందా? ఈ మూడింటికీ మనస్సాక్షిగా జవాబు దొరికితే, అది కూడా ఒక పనే. దర్జీ పని, ఉపాధ్యాయుని పని ఎలాగో అలాగే. తల్లితో మాత్రం, “అమ్మా, వద్దని ఇంట్లో కూర్చోబెట్టడం కన్నా పక్కన వెళ్ళి నిలబడడం మేలు” అన్నాను. ఆమె గొణుక్కుంటూనే ఒప్పుకుంది.

ఇద్దరూ వెళ్ళారు. చీర ఇంట్లో కట్టుకున్నట్టే కట్టుకుంది. అక్కడివారు మర్యాదగానే ఉన్నారట. పండుగ ముందు దుకాణం దగ్గర ఫ్లెక్సీ కట్టారు. ఆ ఆదివారం అమ్మాయి ఒంటరిగా వచ్చింది. సంతోషంగా ఉంటుందనుకున్నాను.

“ఫాదర్, చీర రంగు మార్చలేదు. కొన్నవాళ్ళు వచ్చి అడుగుతారని భయం కదా! నా రంగు మార్చేశారు. మా తమ్ముడే నన్ను గుర్తుపట్టలేదు” అంది.

నేను వారమంతా కష్టపడి ఆలోచించిన తత్వశాస్త్రమంతా ఆ పిల్ల రెండు మాటల్లో చెప్పింది. చీర విషయంలో నిజం చెప్పాలి, ఎందుకంటే దానికి ధర ఉంది. మనిషి విషయంలో అబద్ధమాడినా ఫరవాలేదు, అడిగేవారు లేరు! కాని ఆమె ఊరుకోలేదు. దుకాణానికి వెళ్ళి, “మీ దగ్గర చీరలు కొనేవాళ్ళలో సగం మంది నా రంగువాళ్ళే కదండీ. వాళ్ళకి చీర ఎలా ఉంటుందో తెలియాలి కదా” అని అడిగిందట. దుకాణం ఆయన నవ్వి, “వచ్చే పండక్కి చూద్దాంలే అమ్మా” అన్నారట. వచ్చే పండుగ వరకు చూద్దాం. అడిగినందుకు మాత్రం ఆ బిడ్డను నేను మెచ్చుకున్నాను.

ప్రియమైన తల్లిదండ్రులారా, పిల్లల చేతిలోంచి ఫోన్ లాక్కోవడం వల్ల ఈ ప్రశ్న తీరదు. ఫొటో చూడడం నేర్పించండి. ఏదైనా అందమైన ఫొటో కనబడినప్పుడు, “ఇందులో ఉన్నదెవరు? ఆమెకు పేరుందా? ఆ బట్ట నేసిందెవరు? ఇది నిజంగా ఆమె రంగేనా?” అని వారితో కలిసి అడగండి. ఈ వారం ఒక చిన్న పని చేయండి. రాత్రి జపమాల అయ్యాక మీ ఇంట్లోని పాత పెళ్ళి ఆల్బం తీసి, అందులో ఉన్నవారి పేర్లు పిల్లలకు చెప్పండి. పట్టుచీర కట్టుకున్న పెద్దమ్మ పేరే కాదు, వెనుక మూలన అన్నం గిన్నె మోస్తూ సగం కనబడే మనిషి పేరు కూడా. తెలియకపోతే పెద్దవాళ్ళను అడిగి రాయండి.

నా బల్ల సొరుగులో ఆ కుర్రవాని పాత ఫొటో ఒకటి మిగిలింది. ఇంతకాలం దాని వెనుక ఒక నంబరు మాత్రమే ఉంది. ఈ వ్యాసం రాయడానికి ముందు వాడి పేరు, వాడి ఊరు పేరు, వాళ్ళమ్మ పేరు దాని మీద రాశాను.